స్నో వేరు, ఐస్ వేరు: పికప్ ట్రక్కుకు చలికాలపు పెద్ద టైర్లు

తెలుగులో మంచు అనే ఒక్క మాటతో మనం చాలా పనులు నెట్టుకొస్తాం. శీతకాలంలో వరిచేల మీద పొగలా కమ్ముకునేదీ మంచే, తెల్లవారి గడ్డిపోచల కొసన నిలిచేదీ మంచే, లంబసింగికి జనం పనిగట్టుకుని వెళ్ళి చూసేదీ మంచే. డెన్వర్‌లోనో, కాల్గరీలోనో, మినియాపొలిస్‌లోనో స్థిరపడిన తెలుగువారు మాత్రం మొదటి చలికాలం గడిచేలోగానే స్నో, ఐస్ అనే రెండు మాటలను విడివిడిగా వాడటం అలవాటు చేసుకుంటారు. చక్రాల కింద అవి ఎంతమాత్రం ఒకటి కావు. పికప్ ట్రక్కుకు 33, 35 అంగుళాల ఎత్తున్న పెద్ద టైర్లు కొనదలచినవారు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది కూడా ఇదే. లోతైన స్నోలో దూసుకుపోయే టైరు ఐస్ మీద చేతులెత్తేయవచ్చు. ఐస్ మీద నమ్మదగిన టైరు నడుములోతు స్నోలో ముందుకు కదలకపోవచ్చు. ఈ రెండింటిలో మీ దారిలో ఎక్కువగా ఎదురయ్యేది ఏదో, ఎదురైనప్పుడు ఎక్కువ ప్రమాదం తెచ్చేది ఏదో చూసి కొనాలి తప్ప, బండికి ఏది గంభీరంగా అమరిందో చూసి కొనకూడదు.

ఈ మాట నేను అనుభవం మీదే చెబుతున్నాను. మా ట్రక్కుకు మొదట్లో 35 అంగుళాల మడ్ టెర్రెయిన్ టైర్లు, అంటే బురద దారుల కోసం చేసినవి, ఉండేవి. డెన్వర్‌కు దక్షిణాన మా కాలనీలో, ఒక మార్చి నెల సాయంత్రం, పగటి ఎండకు కరిగిన స్నో నీళ్ళు వీధికి అడ్డంగా పారి, పొద్దు వాలగానే పలచని పొరగా గడ్డకట్టాయి. నా వేగం గంటకు 15 మైళ్ళు కూడా లేదు. స్టాప్ గుర్తు ఇంకా దూరంగా ఉండగానే బ్రేకు తొక్కాను. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పాదం కింద టకటకా కొట్టుకుంటూనే ఉంది, స్టీరింగ్ చేతిలో తేలిపోయింది, బండి మాత్రం ఏ తొందరా లేకుండా జారుకుంటూ వెళ్ళి కూడలి మధ్యలో ఆగింది. అదృష్టం కొద్దీ అడ్డంగా ఎవరూ రాలేదు. దిగి చూస్తే ఆ పెద్ద రబ్బరు దిమ్మలు ఐస్ పొర మీద ఒక్క గీత కూడా పెట్టలేదు. అంతకు రెండు వారాల ముందు అవే టైర్లు అడుగున్నర స్నో పేరుకున్న అటవీ రోడ్డు మీద నన్ను ఎక్కడా నిలబెట్టకుండా తీసుకువెళ్ళాయి.

గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప కేజ్‌వీల్స్ తగిలించడం చూసినవారికి దీని వెనుక సంగతి తేలికగా అర్థమవుతుంది. బురదలో దిగబడి, మట్టిని తవ్వి వెనక్కి నెట్టడం వాటి పని. అదే ట్రాక్టరు తారు రోడ్డెక్కితే ఆ ఇనుప పట్టీలకు తవ్వడానికి ఏమీ దొరకదు. మడ్ టెర్రెయిన్ టైరూ అంతే. పెద్ద దిమ్మలు, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలు, రాళ్ళకు చిరగని గట్టి రబ్బరు దానికి బలం. కొత్తగా పడిన లోతైన స్నోను అది తవ్వుతుంది, గాడుల్లో ఇరుక్కున్న స్నోను విసిరేస్తుంది. ఐస్ మీద తవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి అక్కడ కావలసింది వేరు: చలికి బిగుసుకోని మెత్తటి రబ్బరు, దాని మీద వందల కొద్దీ సన్నటి కోతలు. ఈ కోతలను సైపులు అంటారు. ఒక్కో కోత అంచు ఐస్‌ను గీరుతుంది, పైన ఉన్న పలచని నీటి పొరను తనలోకి పీల్చుకుంటుంది. ఐస్ జారేది ప్రధానంగా ఆ నీటి పొర వల్లనే. అందుకే సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉన్న ఐస్ కన్నా, సున్నాకు దగ్గరగా తడిసి మెరిసే ఐస్ ఎక్కువ ప్రమాదకరం. పాచి పట్టిన రేవు మెట్ల మీద తడి కాలు పెట్టినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. పొడి రోడ్డు మీద రాపిడి గుణకం, అంటే టైరు పట్టును చెప్పే అంకె, సుమారు 0.8 అనుకుంటే, గంటకు 30 మైళ్ళ వేగంలో బ్రేకు పట్టిన బండి దాదాపు 12 మీటర్లలో ఆగుతుంది. అణగదొక్కిన స్నో మీద ఆ గుణకం 0.2 అనుకుంటే 46 మీటర్లు, ఐస్ మీద 0.1 అనుకుంటే 92 మీటర్లు పడుతుంది. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా రాదు. బరువైన ట్రక్కు గట్టిగా నిలబడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ కూడా ఈ లెక్కలోకి రాదు. అది బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. ఆపేది నాలుగు టైర్ల పట్టు మాత్రమే. పెద్ద ట్రక్కు నడిపేవారికి ఈ విషయంలోనే ఎక్కువ పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే సులువుగా కదిలిన బండి సులువుగా ఆగుతుందని మనసు అనుకుంటుంది.

గుర్తులు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

టైరు పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు కనిపిస్తే, ఆ ట్రెడ్ (నేలను తాకే గాడుల భాగం) ఆకారం బురదకూ స్నోకూ తగినట్టు ఉందని మాత్రమే అర్థం. దానికి ఏ పరీక్షా అవసరం లేదు. మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచు రేకు ఉన్న గుర్తు అలా కాదు. 1999లో అమెరికా, కెనడా రబ్బరు పరిశ్రమ సంఘాలు తెచ్చిన ఈ గుర్తు వేసుకోవాలంటే, అణగదొక్కిన స్నో మీద నిర్ణీత పరీక్షలో ప్రామాణిక టైరు కన్నా కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపాలి. కొనేటప్పుడు నేను మొదట వెతికేది ఈ గుర్తునే. అయినా దాని హద్దు తెలుసుకోవాలి. ఆ పరీక్ష కొలిచేది స్నో మీద ముందుకు లాగే పట్టును. ఐస్ మీద ఆగే గుణాన్ని అది కొలవదు. కాబట్టి అన్ని రకాల దారులకూ చేసిన ఆల్ టెర్రెయిన్ టైరు మీదా, అసలైన వింటర్ టైరు మీదా అదే గుర్తు ఉన్నంత మాత్రాన రెండూ ఒకటేనని అనుకోకూడదు. ఒకే తరగతి పాసైన ఇద్దరు పిల్లల మార్కుల్లో ఎంత తేడా ఉండవచ్చో వీటి మధ్యా అంత తేడా ఉంటుంది.

ఇక రకాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. బీఎఫ్ గుడ్‌రిచ్ మడ్ టెర్రెయిన్ కేఎం3 వంటి టైర్లకు మంచు రేకు గుర్తు ఉండదు. వేసవి వారాంతాల్లో రాళ్ళూ బురదా తప్ప మరేదీ తొక్కని బండికి అవి సరిపోతాయి గానీ, రోజూ ఆఫీసుకు వెళ్ళే బండికి నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వాటిని నేను సిఫారసు చేయను. అదే కంపెనీ ఆల్ టెర్రెయిన్ కేఓ2, ఫాల్కెన్ వైల్డ్‌పీక్ ఏటీ3డబ్ల్యూ, టోయో ఓపెన్ కంట్రీ ఏటీ3 వంటివాటికి ఆ గుర్తు ఉంది. ఏడాది పొడుగునా ఒకే జత (నాలుగు టైర్ల సెట్టు) మీద నడపదలచినవారికి, మంచు పడిన రోజుల్లో వీలైతే ఇంట్లోనే ఉండగలిగినవారికి ఇవి మంచి రాజీమార్గం. కొత్తగా ఉన్నప్పుడు స్నోలో ఇవి చాలా బాగా నడుస్తాయి. కాకపోతే కొన్ని టైర్లలో సైపులు ట్రెడ్ అడుగుదాకా ఉండవు కాబట్టి, సగం అరిగేసరికి పైన ఉన్న కోతలు మాసిపోయి, కొన్నప్పటి పట్టు మిగలదు. గుడ్‌ఇయర్ రాంగ్లర్ డ్యూరాట్రాక్ వీటికీ మడ్ టెర్రెయిన్‌కూ నడుమ ఉంటుంది. గుర్తూ ఉంది, స్టడ్లు, అంటే ఐస్‌లోకి దిగే చిన్న మేకులు, వేయించుకునే రంధ్రాలూ ఉన్నాయి కనుక కొండ ప్రాంతాల్లో పనికి వెళ్ళేవారు దానిని ఇష్టపడతారు.

అసలైన వింటర్ టైర్లలో బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ ఎల్‌టీ స్టడ్లు లేని రకం. కూపర్ డిస్కవరర్ స్నో క్లా, ఫైర్‌స్టోన్ వింటర్‌ఫోర్స్ ఎల్‌టీ, నోకియన్ హక్కపెలిట్టా ఎల్‌టీ3 స్టడ్లు పట్టే రకాలు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగిన తరువాత కూడా వీటి రబ్బరు మెత్తగానే ఉంటుంది. ఐస్ మీద ఆగే దూరంలో ఆల్ టెర్రెయిన్‌కూ వీటికీ ఉన్న తేడా మొదటిరోజే తెలుస్తుంది. ఇప్పుడు మా ట్రక్కుకు చలికాలంలో ఉన్నవి ఈ రకమే. అదే వీధిలో, అలాంటి సాయంత్రాలే, ఏబీఎస్ కొద్దిగా వణికి బండి గీతకు ముందే ఆగిపోతున్నప్పుడల్లా ఈ ఖర్చు ముందే పెట్టవలసిందని అనిపిస్తుంది. వీటి ఇబ్బంది వేసవిలో ఉంది: ఎండకు మెత్తబడి త్వరగా అరుగుతాయి, మలుపుల్లో బండి ఊగినట్టు ఉంటుంది. కాబట్టి రెండు జతలు ఉండాలి. రెండు జతలంటే రెండింతల ఖర్చని భయపడేవారు, ఒక జత వాడుకలో ఉన్నంతకాలం రెండోది గ్యారేజీలో అరగకుండా ఉంటుందన్న సంగతిని కూడా లెక్కలో వేసుకోవాలి. అదనంగా అయ్యేది ప్రధానంగా రెండో జత రిమ్ముల ఖర్చు.

స్టడ్ల సంగతి కొంత జాగ్రత్తగా చూడాలి. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉన్న ఈ చిన్న మేకులు సున్నా డిగ్రీల దగ్గరి తడి ఐస్‌లోకి దిగినట్టు మరే రబ్బరూ దిగలేదు. అదే మేకులు పొడి కాంక్రీటు మీద రొద పెడతాయి, రోడ్డును అరగదీస్తాయి, పొడి రోడ్డు మీద ఆగే దూరాన్ని కొంత పెంచుతాయి కూడా. కొత్త టైరుకు, అందుకోసమే అచ్చులో చేసిన రంధ్రాల్లోనే వాటిని వేయించాలి. కొంతకాలం నడిపి, రంధ్రాల్లో మట్టీ ఇసుకా చేరిన తరువాత వేయిస్తే అవి నిలవవు. చట్టం కూడా చోటుకో రకంగా ఉంటుంది. డెన్వర్ ఉన్న కొలరాడో, కాల్గరీ ఉన్న అల్బర్టా అనుమతిస్తాయి. మినియాపొలిస్ ఉన్న మిన్నెసోటా తన నివాసులకు అనుమతించదు. ఇల్లినాయ్‌లోనూ సాధారణ వాహనాలకు నిషేధమే. కాల్గరీలో ఉన్న మా పిన్ని కొడుకు పోయిన చలికాలంలో ఫోను చేసి, "అన్నయ్యా, ఇక్కడ చినూక్ గాలి వీస్తే ఒక్క పూటలో అంతా కరుగుతుంది, రాత్రికి మళ్ళీ అద్దంలా అయిపోతుంది, స్టడ్లు వేయించమంటావా?" అని అడిగాడు. వేయించమన్నాను. రోజూ కరిగి రోజూ గడ్డకట్టే ఊరికి స్టడ్లు తగినవి. నెలల తరబడి సున్నాకు బాగా దిగువనే ఉండి, రోడ్లు పొడిగా ఉండే చోట స్టడ్లు లేని వింటర్ టైరే సుఖం.

వెడల్పు, ఎత్తు, గాలి

పెద్ద టైర్ల మీద మక్కువ ఉన్నవారికి నచ్చని మాట ఒకటి చెప్పాలి: చలికాలపు రోడ్డుకు ఎత్తు ఫరవాలేదు, వెడల్పు మంచిది కాదు. 33 బై 12.50 టైరు, 255/80 ఆర్ 17 టైరు రెండూ దాదాపు 33 అంగుళాల ఎత్తువే, మొదటిది 12.5 అంగుళాల వెడల్పు, రెండోది 10 అంగుళాలు. బండి కింద ఖాళీ రెండింటితోనూ ఒకటే. నాలుగు అంగుళాల మెత్తటి స్నో, దాని కింద తారు ఉన్నప్పుడు సన్న టైరు ఆ స్నోను కోసుకుంటూ కింది రోడ్డును అందుకుంటుంది. వెడల్పాటిది స్నో మీదికి ఎక్కి తేలుతుంది, సగం కరిగిన బురద స్నోలో పక్కకు లాగుతుంది. హైవే మీద వరుస మారేటప్పుడు వరుసల నడుమ పేరుకున్న ఆ బురద స్నోను దాటిన ప్రతివారికీ ఈ లాగుడు తెలుసు. అందుకే చలికాలపు జతకు వీలైనంత చిన్న రిమ్మూ, సన్న టైరూ మంచివి. 20 అంగుళాల రిమ్మున్న ట్రక్కుకు 17 లేదా 18 అంగుళాల రిమ్ము వేయదలిస్తే బ్రేకు క్యాలిపర్‌కు తగలకుండా పడుతుందో లేదో ముందు చూసుకోవాలి. 35 అంగుళాలూ అంతకు మించిన సైజుల్లో అసలైన వింటర్ టైర్లు దొరకడమే అరుదు. ఆ ఒక్క కారణం చేతనైనా చలికాలానికి 33కు దిగడం తెలివైన పని.

వెడల్పుకు న్యాయంగా దక్కవలసిన చోటు కూడా ఉంది. అడుగు అందని స్నోలో, అంటే కింద రోడ్డు అన్నదే లేని చోట, కోసుకుపోవడం వల్ల లాభం లేదు, తేలడమే దారి. ఐస్‌లాండ్ హిమానీనదాల మీద తిరిగేవారు 38 నుంచి 44 అంగుళాల టైర్లు వేసి, గాలిని 2, 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కన గాలి ఒత్తిడి) వరకు దించి, స్నో మీద పడవలా వెళతారు. నోకియన్ సంస్థ ఆర్కిటిక్ ట్రక్స్‌తో కలిసి 2014లో తెచ్చిన హక్కపెలిట్టా 44 అలాంటి పనికే పుట్టింది. అన్నట్టు, ఆ సంస్థ 1934లో చేసిన తొలి వింటర్ టైరు కూడా లారీల కోసమే. ఫిన్లండ్ పల్లె రోడ్ల మీద లారీలు స్నోలో కూరుకుపోవడమే దానికి ప్రేరణ.

గాలి దించితే ఏమవుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. 6,000 పౌండ్ల ట్రక్కులో ఒక్కో టైరు మీద 1,500 పౌండ్లు పడతాయనుకుందాం. పక్కగోడ బిగువును పక్కన పెడితే, 35 పీఎస్ఐ దగ్గర నేలను తాకే భాగం సుమారు 43 చదరపు అంగుళాలు, 15 దగ్గర 100. అటవీ దారిలో లోతైన స్నోలోకి దిగేముందు గాలి తగ్గించడం అందుకే. కానీ రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపాలి. మోసుకుపోయే కంప్రెసర్ లేనివారు గాలి తీయకపోవడమే మంచిది. చలి కూడా తనంతట తాను గాలి తీస్తుంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిన ప్రతిసారీ సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ గ్యారేజీలో కొలిచి నింపిన టైరు సున్నా ఫారెన్‌హీట్ ఉదయానికి 6 పీఎస్ఐ తక్కువగా ఉంటుంది. కాబట్టి బయటి చలిలో, బండి కదలకముందే కొలవాలి.

లోడ్ రేంజ్ (టైరు ఎంత బరువుకు తగినదో చెప్పే ఇంగ్లీషు అక్షరం) విషయంలో చాలామంది అవసరానికి మించి కొంటారు. 80 పీఎస్ఐ వరకు పట్టే ‘E’ రేంజ్ టైరు బరువులు లాగే ముప్పావు టన్ను, టన్ను తరగతి ట్రక్కులకు అవసరం. ఖాళీగా తిరిగే అర టన్ను తరగతి ట్రక్కుకు ఆ మందపాటి పక్కగోడలు బిగుసుగా ఉండి, ఐస్ మీద టైరు నేలకు అతుక్కోవడాన్ని తగ్గిస్తాయి. సైజులో దొరికితే ‘C’ రేంజ్ గానీ, బరువు సామర్థ్యం సరిపోతే మామూలు ఎస్‌యూవీ రకం గానీ తీసుకోవడం మేలు. తలుపు అంచున అతికించిన చీటీలోని బరువు కన్నా తక్కువ మోసే టైరు మాత్రం వేయకూడదు. ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరుకు మారితే అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి కావాలి. పాత పీఎస్ఐ లెక్క సరిపోదు. 265/70 ఆర్ 17 నుంచి 35 అంగుళాలకు వెళ్ళినవారి స్పీడోమీటరు 60 చూపుతుంటే అసలు వేగం 66కు పైనే ఉంటుందన్నది చలికాలంలో ఇంకా ముఖ్యం.

చట్టం గురించి క్లుప్తంగా: కొలరాడోలో ఐ-70 హైవే మీద డాట్సెరో, మారిసన్ ఊళ్ళ మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు, వాతావరణం ఎలా ఉన్నా, తగిన టైర్లు ఉండాలి, ఫోర్ వీల్ డ్రైవ్ బండికైనా ట్రెడ్ లోతు 3/16 అంగుళానికి తగ్గకూడదు. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు మంచు రేకు గుర్తున్న టైర్లో, స్టడ్లో తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియాలో చాలా హైవేల మీద 3.5 మిల్లీమీటర్ల ట్రెడ్ లోతు అడుగుతారు. ఇవన్నీ కనీస హద్దులు. వింటర్ టైరు 5/32 లేదా 6/32 అంగుళానికి అరిగేసరికే స్నోలో దాని పని చాలావరకు అయిపోతుంది.

ఇంతకీ ఎవరు ఏది కొనాలి? వారంలో ఐదు రోజులు ఆఫీసుకు వెళ్ళి, నెలకోసారి పిల్లలతో కొండల మీదికి, 11,000 అడుగుల పైనున్న ఐసెన్‌హోవర్ సొరంగం దాటి వెళ్ళేవారికి స్టడ్లు లేని వింటర్ టైరు, 33 అంగుళాలకు మించకుండా, సన్నటి సైజులో. ఊళ్ళోనే ఉండి, మంచు రోజున బయటికి వెళ్ళనక్కరలేనివారికి మంచు రేకు గుర్తున్న ఆల్ టెర్రెయిన్ చాలు, సగం అరిగాక మార్చే షరతు మీద. వాలు మీద ఇల్లు, రాత్రి షిఫ్టు, కరిగి గడ్డకట్టే వీధి ఉన్నవారికి చట్టం ఒప్పుకుంటే స్టడ్లు. స్నో దున్నే పనికీ, అటవీ దారులకీ పోయేవారు డ్యూరాట్రాక్ వంటిదానికి స్టడ్లు వేయించి, వెనుక ఇరుసు పైన ఇసుక సంచులు కదలకుండా కట్టుకోవడం మంచిది, ఖాళీ పికప్‌కు వెనుక బరువు తక్కువ కనుక. ఏది కొన్నా నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. వెనుక రెండే మార్చితే మలుపులో ముందు భాగం నిలవదు, నాలుగు చక్రాలకూ శక్తి పంచే గేర్లూ దెబ్బతింటాయి.

కొనే రోజున టైరు పక్కగోడ మీద డాట్ అక్షరాల తరువాత వచ్చే చివరి నాలుగు అంకెలను చదవండి: 3523 అని ఉంటే అది 2023వ సంవత్సరం 35వ వారంలో తయారైందని. గిడ్డంగిలో ఐదారేళ్ళు పడి ఉన్న వింటర్ టైరు రబ్బరు చూడటానికి కొత్తదిలాగే ఉన్నా బిగుసుకుపోయి ఉంటుంది. తొలి స్నో పడ్డాక దుకాణాల ముందు బారులు తీరతారు కాబట్టి అక్టోబరులోనే వేయించుకోండి. వేయించాక 50 నుంచి 100 మైళ్ళు నడిపి నట్లను టార్క్ రెంచితో మళ్ళీ బిగించండి. మొదటి పెద్ద స్నో తరువాత హైవే మీద స్టీరింగ్ అకస్మాత్తుగా వణికితే బ్యాలెన్సింగ్ పోయిందని కంగారుపడి దుకాణానికి వెళ్ళకండి. సురక్షితమైన చోట ఆపి, రిమ్ము లోపలి అంచున గడ్డకట్టిన స్నోను చేత్తోనో చెక్కముక్కతోనో తీసివేసి, మళ్ళీ నడిపి చూడండి.